అతిథి గాత్రమునకు ఆతిథేయి సంగీతమే

సింఫనీ ఆర్కెస్ట్రా సభకు ప్రసిద్ధులైన ఒపెరా గాయకులు అతిథులుగా వచ్చుచున్నారను వార్త ఏ నగరమునందైనను ఉత్సాహము పుట్టించును. టిక్కెట్లు త్వరగా అమ్ముడుపోవును. గోడపత్రికలపై గాయకుల పేర్లు పెద్ద అక్షరములతోను, సంగీతకర్త పేరు చిన్న అక్షరములతోను, వాద్యకారుల పేర్లు అసలే లేకుండను అచ్చగును. ఇందులో ఆశ్చర్యము లేదు. మానవకంఠమునకు గల ఆకర్షణ మరి యే వాద్యమునకును లేదు. అయినను ఒక ప్రశ్న మిగిలియుండును. అట్టి సభలో అతిథి ఎవరు, ఇంటివారు ఎవరు? అతిథి రాకతో ఇంటికి నిండుదనము వచ్చినదా, లేక ఇల్లే కనబడకుండ పోయినదా? అతిథి గాయకుని కొలువవలసిన కొలబద్ద ఈ ప్రశ్నలోనే ఉన్నది. అతని కీర్తిలో గాని, పారితోషికములో గాని, కరతాళధ్వనుల హోరులో గాని అది దొరకదు.

తెలుగునాట గానసభలకు అలవాటుపడిన శ్రోతకు ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. కర్ణాటక కచేరీలో గాయకుడే యజమానుడు. వయొలినును మృదంగమును అతనికి పక్కవాద్యములు. ఆలాపన ఎంతసేపు సాగవలెనో, స్వరకల్పన ఎక్కడ ముగియవలెనో ఆ క్షణమున అతడే నిర్ణయించును. సింఫనీ ఆర్కెస్ట్రా కట్టుబాటు వేరు. పదుల సంఖ్యలో, ఒక్కొక్కప్పుడు నూరుమంది వరకు, వాద్యకారులు ఒకే వేదికపై కూర్చుందురు. తంత్రీవాద్యములు, కొయ్య సుషిరవాద్యములు, లోహ సుషిరవాద్యములు, తాళవాద్యములు అనునవి అందలి నాలుగు కుటుంబములు. ప్రతివాని యెదుట సంగీతకర్త వ్రాసిన ప్రతి ఉండును. వాయింపవలసిన స్వరములతోపాటు ఊరకుండవలసిన మాత్రలు కూడ అందులో లెక్కకట్టి యుండును. నడుమ నిలిచిన కండక్టరు ఒక్క స్వరమునైనను తాను పలికింపడు. అందరి కాలమును ఒక్కటి చేయుట అతని పని. ఈ కుటుంబములోనికి గాయకుడు వచ్చినప్పుడు అతనికిని ఒక వ్రాతప్రతియే లభించును. అందులో అతని పలుకునకు ఎంత చోటు ఉన్నదో, అతని మౌనమునకును అంత చోటు ఉండును.

ఒపెరా గాత్రశిక్షణ వెనుక విద్యార్థులకు ఆసక్తి కలిగించు భౌతికశాస్త్ర రహస్యము ఒకటి కలదు. మైక్రోఫోను సాయము లేకుండ ఒక్క మనుష్యుని గొంతు అంతటి వాద్యసమూహము మీదుగా చివరి వరుసలోని శ్రోతను చేరుచున్నది. అది అరుపు వలన సాధ్యమైనది కాదు. ఆర్కెస్ట్రా ధ్వనిలో బలము ఎక్కువగా 500 హెర్ట్జ్ ప్రాంతమున కేంద్రీకరించి యుండును. అంతకు పైకి పోయినకొలది ఆ బలము తగ్గును. శిక్షణ పొందిన గాయకులు, ముఖ్యముగా పురుషులు, కంఠనాళమును ఒక విధముగా అమర్చుకొని 3,000 హెర్ట్జ్ పరిసరములలో తమ ధ్వనికి అదనపు శక్తి కూర్చుకొందురు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెరి 1970ల పరిశోధనలలో ఈ విషయమును వివరించెను. కాబట్టి గాయకుని గొంతు వాద్యములను అణచి వినబడుట లేదు. వాద్యములు విడిచిన చోటినుండి వినబడుచున్నది. అతిథిధర్మమును ప్రకృతియే ఇట్లు బోధించినట్లున్నది.

ఒపెరా గాయకులు సింఫనీకి అతిథులైన సభలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1824 మే 7న వియన్నా నగరములోని కేర్న్ట్‌నర్‌టోర్ నాటకశాలలో జరిగెను. నాడు బేథోవెన్ తొమ్మిదవ సింఫనీని జనులు మొదటిసారి వినిరి. అంతవరకు సింఫనీ అనగా వాద్యములకే పరిమితమైన రచన. బేథోవెన్ దాని నాలుగవ భాగములో నలుగురు గాయకులను, ఒక బృందగానమును ప్రవేశపెట్టెను. స్త్రీగాత్రములకై వచ్చినవారు ఒపెరా వేదికపై అప్పుడప్పుడే పేరు తెచ్చుకొనుచున్న యువతులు. హెన్రియెట్టె జోంటాగ్ వయస్సు 18 సంవత్సరములు. కరోలీన్ ఉంగర్ వయస్సు 20. తారస్థాయి స్వరములు గొంతునకు కష్టముగా నున్నవి, కొంచెము తగ్గింపుమని వారు ప్రాధేయపడగా ఆయన ససేమిరా అంగీకరింపలేదని చెప్పుదురు. ఆ యింట అతిథుల సౌకర్యమునకై గోడలు జరుపబడలేదు.

ఆనాటి సభలో ఉంగర్ చేసిన ఒక పని ఆమె పాడిన పాటకంటె ఎక్కువకాలము జనుల జ్ఞప్తియందు నిలిచినది. బేథోవెన్ అప్పటికి వినికిడి పూర్తిగా కోల్పోయి యుండెను. ఆయన సభకు వీపు పెట్టి నిలిచి, వెనుక చెలరేగిన కరతాళధ్వనులను ఎరుగకుండెను. ఉంగర్ ముందుకు వచ్చి ఆయనను మెల్లగా జనులవైపు త్రిప్పెను. వినలేని మనుష్యుడు అప్పుడు ఊగుచున్న చేతులను, రుమాళ్లను కన్నులతో చూచెను. ఒక గాయని తనకు రావలసిన మెప్పును కర్త వైపు మరల్చిన ఆ క్షణమే అతిథి గాయకులకు ఆదర్శము. ఆమెకు ఆ వేళ తన గొంతుతో పని లేకపోయెను. ఆ మెప్పు ఎవరిదో తెలిసియుండుటయే చాలినది.

ఇరువదవ శతాబ్దము చివరకు వచ్చునప్పటికి గ్రామఫోను రికార్డులు, రేడియో, టెలివిజను గాయకుని కీర్తిని వేయింతలు చేసెను. 1990 జూలై 7న, ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల తుదియాటకు ముందునాటి రాత్రి, రోము నగరములోని కారకల్లా స్నానశాలల శిథిలములలో ముగ్గురు టెనర్ గాయకులు ఒకే వేదికపై పాడిరి. వారు లూచియానో పవరోట్టి, ప్లాసిడో డొమింగో, హోసే కరేరాస్. కండక్టరు జుబిన్ మెహతా. ఫ్లారెన్సు, రోము నగరముల నుండి వచ్చిన రెండు ఆర్కెస్ట్రాలు కలిసి వాయించెను. 1987లో రక్తకాన్సరు బారినపడి బ్రతికి బయటపడిన కరేరాస్‌ను తోటి గాయకులు మరల వేదికపైకి ఆహ్వానించిన సందర్భమది. అతడు స్థాపించిన చికిత్సానిధికి సాయము చేయుటయు ఆ సభ ఉద్దేశములలో ఒకటి. ఆ రాత్రి ధ్వనిముద్రణ శాస్త్రీయసంగీతములో అంతకుముందెన్నడును లేనంతగా అమ్ముడుపోయెను. ఒపెరా అను మాటయే ఎరుగని కోట్లమందికి ఆ పాటలు చేరినవి. ఇది చిన్న మేలు కాదు. దానిని వెక్కిరించు పండితులు తమ విద్యను తామే ఇరుకు చేసికొనుచున్నారు.

అయినను ఆ సభ తెచ్చిన అలవాటు ఒకటి ఆలోచింపదగినది. ఒపెరా నుండి త్రుంచిన పాటలు ఒకదాని వెనుక నొకటి పాడుట, ప్రతిపాట చివర ఒక తారస్వరమును నిలిపి చప్పట్లు అందుకొనుట, ఆర్కెస్ట్రా అంతయు ఆ స్వరమునకు వెనుకతెరగా నిలుచుట, ఇదియే పెద్ద సంగీతసభకు నమూనా యని పలువురు భ్రమపడిరి. ఆ పద్ధతిలో గాయకుడు గెలిచినను ఓడినను సభ అతనిదే. నలుబది యేండ్లు వయొలిను సాధన చేసిన మూడవవరుస విద్వాంసుడు అక్కడ కుర్చీతో సమానము. ఆ కండక్టరే, ఆ టెనర్ గాయకులలో ఒకడే, నాలుగేండ్ల తరువాత మరియొక శిథిలములో నిలిచినప్పుడు దీనికి సరియైన సమాధానము లభించినది.

ఆ నగరము సరయేవో. బోస్నియా దేశపు రాజధాని. యుగోస్లావియా చీలిపోయిన పిమ్మట 1992 ఏప్రిల్‌లో బోస్నియా సెర్బు సైన్యములు చుట్టునున్న కొండలనెక్కి నగరమును ముట్టడించెను. ఆ ముట్టడి 1996 ఫిబ్రవరి 29 వరకు, అనగా నాలుగేండ్లకు కొంచెము తక్కువగా సాగెను. నీరు, విద్యుచ్ఛక్తి, రొట్టె, వంటచెరకు అన్నియు కరవైనవి. నీటికై బిందె పట్టుకొని వీధి దాటుట ప్రాణముతో పందెమాడుటయే. నదీతీరమున వియేచ్‌నిత్సా అను భవనము ఉండెను. 1896లో పురపాలక మందిరముగా నెలకొన్న ఆ భవనము రెండవ ప్రపంచయుద్ధము తరువాత జాతీయ, విశ్వవిద్యాలయ గ్రంథాలయమైనది. 1992 ఆగస్టు 25 రాత్రి దానిపై ఫిరంగిగుండ్లు కురిసినవి. సుమారు 15 లక్షల గ్రంథములలో అత్యధికభాగము దగ్ధమైనది. గ్రంథపాలకులును నగరవాసులును తుపాకి కాల్పుల నడుమ వరుసగా నిలిచి, చేతినుండి చేతికి అందించుకొనుచు కొన్ని పుస్తకములను కాపాడిరి. కాలిన పుటల మసి రేకులు రేకులుగా నగరముపై రాలినది. ఒక జాతి తనను గూర్చి తాను వ్రాసికొన్నదంతయు బూడిదయై ఆ జాతి ఇంటికప్పుల మీదనే పడినది.

1994 జూన్ 19న, ముట్టడి ఇంకను సాగుచుండగనే, పైకప్పు లేని ఆ గ్రంథాలయ శిథిలములలో మోట్సార్ట్ రచించిన రిక్వియమ్ వినబడెను. మృతుల ఆత్మశాంతికై చేయు క్రైస్తవ ప్రార్థనకు సంగీతరూపము రిక్వియమ్. వాయించినవారు సరయేవో ఫిల్‌హార్మొనిక్ ఆర్కెస్ట్రావారు. బృందగానము చేసినవారు ఆ నగరవాసులు. అతిథులుగా వచ్చినవారు నలుగురు ఒపెరా గాయకులు: ఇటలీనుండి సోప్రానో చెచీలియా గాస్దియా, హంగరీనుండి మెజ్జో సోప్రానో ఇల్దికో కోమ్లోషి, స్పెయిను నుండి టెనర్ హోసే కరేరాస్, ఇటలీనుండియే బాస్ రుజ్జేరో రైమొందీ. కండక్టరు జుబిన్ మెహతా. 1936లో బొంబాయిలో జన్మించి, అచ్చట సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించిన తండ్రి మేలీ మెహతా నీడలో పెరిగి, 1954లో వియన్నాకు పోయి విద్య నేర్చిన భారతీయుడాయన. యుద్ధములో మరణించినవారి స్మృతికై జరిగిన ఆ సభను టెలివిజను అనేక దేశములకు చూపెను.

ఎన్నుకొన్న రచనను గమనింపవలెను. రిక్వియమ్‌లో నలుగురు గాయకులకును ఒపెరాలో వలె తమదే యని చెప్పుకొనదగిన పాట లేదు. తూబా మీరుమ్ అను భాగములో మొదట ఒక ట్రాంబోన్ ఒంటరిగా పలుకును. దానివెంట బాస్, పిమ్మట టెనర్, తరువాత ఆల్టో, చివర సోప్రానో, ఒకరినుండి ఒకరు మాట అందుకొని, తుదకు నలుగురును కలిసికొందురు. రెకొర్దారే, బెనెదిక్తుస్ అను భాగములలో వారు నలుగురొక్కటిగా పాడుదురు. తక్కిన భాగములలో ఎక్కువసేపు మౌనముగా ఉండి బృందగానమునకు చోటిత్తురు. వేణువులు, ఓబోలు లేని ఆ ఆర్కెస్ట్రాలో బాసెట్ హారనులు, బసూనులు మంద్రమైన వర్ణమును ఇచ్చును. రోములో తారస్వరములతో లక్షలమందిని ఉర్రూతలూగించిన కరేరాస్‌కు ఇక్కడ లభించినది నాలుగింట ఒక వంతు. ప్రపంచప్రసిద్ధుడైన రైమొందీకి శ్రుతి చూపి నడిపినది ముట్టడిలోనున్న నగరపు వాద్యబృందములోని ఒక ట్రాంబోన్. అతిథికిని ఇంటివారికిని ఇంతకంటె న్యాయమైన పంపకము ఊహింపరాదు.

దీనిపై ఆక్షేపణ లేకపోలేదు. అది తేలికగా త్రోసిపుచ్చదగినదియు కాదు. దాహముతోనున్నవానికి నీరు కావలెను గాని ప్రార్థనగీతమెందుకు? గొప్పవారు విమానములో వచ్చి, ఛాయాచిత్రములు తీయించుకొని, పాడి వెడలిపోయిరి. నగరవాసులు గుండ్లనడుమ మిగిలిరి. ఆ సభ తరువాత కూడ ముట్టడి ఇరువది నెలలు సాగినది. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో ఎనిమిదివేలకు పైగా పురుషులను, బాలురను చంపివేసిరి. ఆ ఆగస్టు 28న సరయేవో అంగడిపై పడిన గుండు 43 మందిని బలిగొన్నది. రిక్వియమ్ వీనిలో దేనిని ఆపినది? ఈ ప్రశ్న అడిగినవారు సంగీతద్వేషులు కారు. బాధితుని దుఃఖమును అలంకారముగా వాడుకొను ఉత్సవములు లోకమున ఎన్నో ఉన్నవి కాబట్టి వారి అనుమానము సహేతుకమే.

సంగీతము యుద్ధములను ఆపునని చెప్పువారు సంగీతమునకు అపకారము చేయుచున్నారు. అది మోయలేని బరువును దాని తలపై పెట్టి, పిదప మోయలేదని నిందించుటకు దారి తీయుచున్నారు. ఆ సభ విలువ మరియొక చోట ఉన్నది. సరయేవోకు సంగీతమును తెచ్చినది అతిథులు కారు. 1992 మే 27న రొట్టెకై వరుసలో నిలిచినవారిపై గుండు పడి అనేకులు మరణింపగా, ఆ నగరపు చెల్లో విద్వాంసుడు వెద్రాన్ స్మాయిలోవిచ్ సభావస్త్రములు ధరించి, శిథిలములలో కూర్చుండి చెల్లో వాయించెను. సహచరులను కోల్పోయియు, చలిలోను చీకటిలోను ఆ నగరపు వాద్యకారులు ముట్టడి పొడవునను సభలు జరుపుచునే యుండిరి. అతిథులు వచ్చి చేసినది సాగుచున్న పాటలో గొంతు కలుపుట. దిక్కులేని నగరముగా లోకము జాలిపడుచున్న చోట, తనకొక ఆర్కెస్ట్రా ఉన్నదనియు, అది మోట్సార్ట్‌ను వాయింపగలదనియు ఆ నగరము లోకమునకు చూపుకొన్నది. అందుకు అతిథుల కీర్తి దీపస్తంభముగా ఉపయోగపడినది. జాలిని పుట్టించు సభకును, గౌరవమును నిలుపు సభకును గల భేదమిదే. ఆకలి తీర్చుట సంగీతమునకు చేతకాదు. ఆకలిగొన్నవాడు యాచకుడు మాత్రమే కాడని చెప్పుట దానికి చేతనగును.

ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ సందర్భములో మనసుకు పట్టించుకొనదగిన మరియొక విషయము కలదు. రిక్వియమ్‌ను మోట్సార్ట్ పూర్తిచేయలేదు. 1791 డిసెంబరు 5న, 35 ఏండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను. లాక్రిమోసా అను విలాపభాగములో ఆయన వ్రాత ఎనిమిదవ గతి దగ్గర ఆగిపోయినది. శిష్యుడును సహాయకుడును అయిన జ్యుస్‌మాయర్ గురువు విడిచిన చిత్తుప్రతులను పట్టుకొని తక్కినదానిని పూరించెను. లేని భాగములను తాను వ్రాసెను. గురువు ప్రారంభములో కూర్చిన సంగీతమునే చివర మరల నిలిపి రచనను ముగించెను. శిష్యుని చేతివ్రాత గురువు స్థాయికి చాలలేదని విమర్శకులు రెండు శతాబ్దములుగా తప్పులెన్నుచున్నారు. ఎన్నవచ్చును. కాని ఆ శిష్యుడు నాకెందుకని ఊరకున్నచో ఆ రచన ప్రార్థనాలయములలోను సభలలోను ఇట్లు నిలిచియుండెడిది కాదు. కాలిపోయిన గ్రంథాలయములో పాడుటకు ఒక శిష్యుడు పూర్తిచేసిన రచన దొరకుట యాదృచ్ఛికమే కావచ్చును. అందలి పాఠము మాత్రము యాదృచ్ఛికము కాదు. విద్య యనునది ఒకరు ఆపినచోట మరియొకరు అందుకొనుట. పుస్తకములు చేతినుండి చేతికి దాటించిన గ్రంథపాలకులు చేసినదియు అదియే.

కావున అతిథి గాయకులతో జరుగు సభలను మెచ్చుకొనుటకు ముందు కొన్ని సంగతులు పరిశీలింపవలెను. కార్యక్రమములో ఒక్క సమగ్రరచనయైనను ఉన్నదా, లేక చప్పట్లకై త్రుంచిన తునకలేనా? ఆహ్వానపత్రములో వాద్యకారుల పేర్లకు చోటున్నదా? అతిథి వెళ్లిన మరునాడు ఇంటి ఆర్కెస్ట్రా ముందటికంటె బాగుగా వాయించుచున్నదా? పాఠశాల వార్షికోత్సవమునకును ఈ కొలతయే వర్తించును. పేరున్న గాయకుని పిలిచి వేదికపై కూర్చుండబెట్టి, ఏడాదిపొడవున సాధన చేసిన పిల్లలను క్రింద చాపలపై శ్రోతలుగా మిగిల్చినచో అది ఆతిథ్యము కాదు. ఆ గాయకుడు పిల్లల బృందగానములో ఒక చరణమునకు గొంతు కలిపినచో, వారు దానిని జీవితాంతము మరువరు. పెద్దవాని గొంతు తమ గొంతుల నడుమ ఒదిగిన క్షణమున తమ పాటకు విలువ కలదని వారికి తెలియును.

సరయేవో కథ ఆ సభతో ముగియలేదు. 2012 ఏప్రిల్ 6న, ముట్టడి మొదలై ఇరువది ఏండ్లు నిండిన సందర్భమున, నగరపు ప్రధానవీధిలో 11,541 ఎర్రని కుర్చీలను వరుసలుగా వేసిరి. మరణించిన ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కుర్చీ. అందులో పిల్లలకై వేసిన చిన్న కుర్చీలును ఉండెను. ఎవరును కూర్చుండని ఆ కుర్చీల యెదుట సంగీతసభ జరిగెను. 2014 మే 9న వియేచ్‌నిత్సాను పునరుద్ధరించి తెరచిరి. ఆ సంవత్సరము జూన్ 28న, మొదటి ప్రపంచయుద్ధమునకు కారణమైన హత్య అదే నగరములో జరిగి నూరేండ్లు నిండిననాడు, వియన్నా ఫిల్‌హార్మొనిక్ ఆర్కెస్ట్రావారు వచ్చి ఆ మందిరములో వాయించిరి. గోడలు మరల లేచినవి. దగ్ధమైన గ్రంథములలో అనేకము తిరిగి రావు. కొన్నింటికి రెండవ ప్రతి యెక్కడను లేదు.

ఆ నలుగురు గాయకులు తమ జీవితములలో ఎన్నో నాటకశాలలలో పాడిరి. వానిలో వారికై పూలు కురిసినవి. పైకప్పులేని గ్రంథాలయములో వారికి లభించినది నలుగురిలో ఒకరుగా నిలుచు చోటు, చుట్టును కాలిన స్తంభములు, ప్రక్కన ముట్టడిలో నలిగిన నగరపు వాద్యకారులు. ఒపెరా గాయకునికి అంతకంటె పెద్ద వేదిక లేదు. ఆ వేదికపై అతని పేరు అడుగువారు ఉండరు. అతడు తన వంతు మాత్రలను సరిగా లెక్కించి, ఇంటివారి శ్రుతితో కలిసెనా యని మాత్రమే చూతురు. సంగీతసభకు అతిథిగా పోవు ప్రతి గాయకుడును, అతిథిని పిలుచు ప్రతి సంస్థయు ముందుగా తేల్చుకొనవలసిన సంగతి ఇంతే.